పాత ఇంగ్లీషుకు ప్రతిపదార్థం తెలుగులోనే రాయాలి

పాత జర్మానిక్ భాషల (ఇంగ్లీషు, జర్మన్, డేనిష్ వీటి కుటుంబం) మీద ఆసక్తి కలిగిన తెలుగువాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే. "ఇంగ్లీషు వచ్చు కదా, పాత ఇంగ్లీషుతో మొదలుపెట్టు. బేవుల్ఫ్ వీరకావ్యానికి మంచి ఇంగ్లీషు అనువాదం ఒకటి పక్కన పెట్టుకో. మూడు నెలల్లో పట్టు దొరుకుతుంది." ఈ మధ్య ఇదే మాట మళ్లీ చదివాను. పాత ఇంగ్లీషుతో, అంటే సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషుతో, మొదలుపెట్టమనడం వరకు మంచి సలహాయే. మిగతాదంతా తప్పని నా నమ్మకం. మన పాఠకుడికి ఆ భాషలో ఎదురయ్యే మొదటి అడ్డంకి ఇప్పటి ఇంగ్లీషే. దాన్ని పక్కకు జరిపి, బడిలో పద్యానికి రాసినట్టు పదచ్ఛేదం, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం వరసలో ప్రతి వాక్యాన్నీ తెలుగులోనే విప్పుకుంటే భాష త్వరగా వస్తుంది, సరిగ్గా కూడా వస్తుంది. ఎందుకో ఉదాహరణలతో చెప్తాను.

లిపి గురించి ముందుగా ఒక మాట. పాత ఇంగ్లీషు రాతప్రతుల్లో థార్న్, ఎథ్ అని రెండు అక్షరాలున్నాయి. పలుకు ఒకటే కాబట్టి రెండింటినీ ఇక్కడ "థ" అని రాస్తున్నాను. దాన్ని మన మహాప్రాణ థకారంలా కాకుండా నాలుక పళ్ల మధ్య పెట్టి పలకాలి. యాష్ అనే అచ్చుకు మన లిపిలో గుర్తు లేదు, దానికి "యా" వాడుతున్నాను. "మేక" అనేటప్పుడు మన నోట పలికే ఆ వెడల్పాటి ఏకారం దానికి దగ్గరగా ఉంటుంది, హ్రస్వమైనప్పుడు ఇంకొంచెం కురచగా పలకాలి. పెదవులు గుండ్రంగా చుట్టి "ఇ" అంటే వచ్చే అచ్చు ఇంకొకటుంది, దానికి "యు" రాస్తున్నాను.

మొదటి మూడు పాదాలు

బేవుల్ఫ్ కావ్యం ఇలా మొదలవుతుంది:

హ్వ్యాత్! వే గార్‌దెన ఇన్ యేఆర్‌దగుమ్
థేఓద్‌క్యునింగ థ్ర్యుమ్ యెఫ్రూనొన్,
హూ థా యాథెలింగస్ ఎల్లెన్ ఫ్రెమెదొన్.

ఇంగ్లీషు కళ్లతో చూసేవాడికి "వే గార్‌దెన" దగ్గరే కాలు జారుతుంది. "మేము, ఈటెల డేన్‌లం" అని చదువుతాడు (డేన్‌లు డెన్మార్కు జనం). ఇంగ్లీషులో సర్వనామం పక్కన పేరు వస్తే అర్థం అదే కదా. కానీ "దెన" చివర ఉన్న అకారం షష్ఠీ బహువచన ప్రత్యయం. "డేన్‌ల" అని అర్థం. డేన్‌ల ఏమిటి? దానికి జవాబు రెండో పాదంలో "థ్ర్యుమ్" దాకా రాదు. మధ్యలో "థేఓద్‌క్యునింగ" అని ఇంకో షష్ఠీ బహువచనం ఉంది, "జనరాజుల" అని. ఇప్పుడు ప్రతిపదార్థం రాద్దాం. మనం, ఈటెల డేన్‌ల, పూర్వపు రోజుల్లో, జనరాజుల, ప్రాభవం, విన్నాం. ఎలా, ఆ రాకుమారులు, శౌర్యం, చూపారో.

వరసలో ఒక్క మాట కూడా కదపలేదు. కర్త ముందు, క్రియ చివర, షష్ఠి తన విశేష్యం కన్నా ముందు. ఈ మూడు పాదాల్ని ఇంగ్లీషులోకి తెచ్చేవాడు క్రియను పైకి లాగాలి, షష్ఠిని కిందికి తోయాలి, మధ్యలో విభక్తుల బదులు చిన్న మాటలు అతికించాలి. అది చదివి మూలంలోకి వచ్చే తెలుగు పాఠకుడు ఆ తిప్పుడంతా వెనక్కి తిప్పుకోవాలి. ఉన్న దారి వదిలి ఊరంతా చుట్టి రావడం అది.

ఈ పాదాల్లో ఇంకో సంగతి ఉంది, అది తెలుగులో రాస్తేనే బయటపడుతుంది. "వే" అంటే మనమా, మేమా? ఇంగ్లీషు అనువాదకుడికి ఈ ప్రశ్నే రాదు, అతని భాషలో ఆ తేడా లేదు. పాత ఇంగ్లీషులోనూ లేదు. తెలుగులో రాసేవాడు మాత్రం కావ్యంలోని రెండో మాట దగ్గరే తేల్చుకోవాలి. మేము అంటే కవి, తనలాంటి గాయకులు. మనం అంటే ఎదురుగా కూర్చున్న శ్రోతలు కూడా. నేను మనం అనే రాస్తాను. ఆ కథలు శ్రోతలకు అంతకు ముందే తెలుసునన్న భరోసా కావ్యమంతటా కనిపిస్తుంది. ఎన్నో పాత సంగతుల్ని కవి పూర్తిగా చెప్పకుండా సూచించి వదిలేస్తాడు. అలా వదిలేయగలిగేవాడు శ్రోతల్ని బయట నిలబెట్టి "మేము విన్నాం" అనడు. నాతో ఏకీభవించక్కర్లేదు. కానీ ఈ ఆలోచన అసలు పుట్టడానికి తెలుగు కావలసివచ్చింది.

ఫాదర్, మదర్, బ్రదర్

ఈ మూడు మాటల్నీ మనం దకారంతోనే రాస్తాం, ఇంగ్లీషులోనూ మూడింట్లో ఉన్నది ఒకే హల్లు. పాత ఇంగ్లీషులో అలా లేదు. అక్కడ ఫ్యాదెర్, మోదొర్, బ్రోథొర్. మొదటి రెండింట్లో ద, మూడోదాంట్లో థ. మొదటి రెండూ 15, 16 శతాబ్దాల్లో మారి మూడోదానితో కలిసిపోయాయి. ఇప్పటి ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి ఇక్కడ ఒక చిక్కు ఉండేదనే తెలియదు.

ఆ చిక్కు చిన్నది కాదు. సంస్కృతంలో పకారం ఉన్న చోట జర్మానిక్ భాషల్లో ఫ, తకారం ఉన్న చోట థ వస్తాయని 1822లో జర్మన్ పండితుడు గ్రిమ్ సూత్రీకరించాడు. పితృ, ఫ్యాదెర్: ప పోయి ఫ వచ్చింది, బాగుంది. భ్రాతృ, బ్రోథొర్: త పోయి థ వచ్చింది, బాగుంది. మరి పితృ, మాతృ శబ్దాల తకారం థ కాకుండా ద ఎందుకయింది? యాభై ఏళ్లకు పైగా దీన్ని అపవాదం అని పక్కన పెట్టారు. డెన్మార్కుకు చెందిన కార్ల్ వెర్నర్ రాసి 1877లో అచ్చయిన వ్యాసం దాన్ని విప్పింది. తాళంచెవి వేదస్వరం. పితర్, మాతర్ శబ్దాల్లో ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, తకారం తర్వాతి అచ్చు మీద ఉంది. భ్రాతర్ శబ్దంలో తకారానికి ముందున్న అచ్చు మీద ఉంది. ముందు అచ్చు మీద ఉదాత్తం ఉంటే థ నిలిచింది, లేకపోతే నాదం వచ్చి ద అయింది.

జర్మానిక్ భాషలన్నీ ఆ స్వరాన్ని ఏనాడో వదిలేసి ప్రతి మాటకూ మొదటి అక్షరం మీదే ఊనిక వేసుకున్నాయి. పోయిన స్వరం తాలూకు అచ్చు హల్లులో మిగిలింది. ఆ స్వరం ఎక్కడుండేదో చెప్పగలిగినవి ముఖ్యంగా వైదిక సంస్కృతం, గ్రీకు. గోదావరి ఒడ్డున తైత్తిరీయం వల్లించేవాళ్ల నోట ఇవాళ్టికీ పలికే ఉదాత్తానుదాత్తాలు, పాత ఇంగ్లీషులో తండ్రికి ద, అన్నకు థ ఎందుకో చెప్తున్నాయి. అచ్చు పుస్తకాల్లో కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, పైన నిలువుగీత ఉంటే స్వరితం, ఉదాత్తానికి గుర్తుండదు. ఆ గుర్తు లేని అక్షరం ఎక్కడుందో చూసుకుంటే చాలు.

ఇది క్రియల్లో రోజూ పనికొస్తుంది. వెఒర్థన్ అంటే "అగు", సంస్కృత వర్తతేకు బంధువు. భూతకాలం ఏకవచనం వెఅర్థ్, బహువచనం వుర్దొన్. థ కాస్తా ద అయింది. ఎందుకంటే వైదిక లిట్ (పరోక్ష భూతకాల) రూపాల్లో ఏకవచనంలో స్వరం ధాతువు మీద, బహువచనంలో ప్రత్యయం మీద ఉంటుంది. వ్యాస్, వ్యారొన్ (ఉండెను, ఉండిరి) జంటలో సకారం రేఫ అవడానికీ కారణం ఇదే. ఈ సూత్రం తెలియకపోతే వుర్దొన్ కనపడగానే నిఘంటువులో వకార, దకారాల కింద వెతుకుతారు, దొరకదు. మొదటి నెలల్లో నిఘంటువు ముందు వృథా అయ్యే సమయంలో పెద్ద వాటా ఇలాంటి రూపాలదే.

ఇక్కడొక హెచ్చరిక చేయాలి. ఈ సాయమంతా సంస్కృతానిది. తెలుగుకూ పాత ఇంగ్లీషుకూ చుట్టరికం ఏమీ లేదు. తెలుగు సంస్కృతజన్యం కాదని ఎల్లిస్ 1816లోనే క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో చూపించాడు. తత్సమాలు మనకు అరువు వచ్చిన సొమ్ము. మాటలు పోలిన ప్రతిచోటా బంధుత్వం అంటగట్టే అలవాటు ఉన్నవాళ్లు ఈ చదువులోకి వస్తే మొదట ఆ అలవాటును వదిలించుకోవాలి.

తెలుగు సొంతంగా ఇచ్చేది

బంధుత్వం లేకపోయినా తెలుగు ఇచ్చే సాయం తక్కువేం కాదు. అన్నిటికన్నా ముందు అచ్చుల కొలత. పాత ఇంగ్లీషులో గొద్ అంటే దేవుడు, గోద్ అంటే మంచి. ఇస్ అంటే ఉంది, ఈస్ అంటే మంచు. మెతన్ అంటే కొలుచు, మేతన్ అంటే కలుసుకొను. రాతప్రతుల్లో హ్రస్వదీర్ఘాల్ని నిలకడగా గుర్తించలేదు, అచ్చు పుస్తకాల్లో అచ్చు మీద గీత పెట్టేది సంపాదకులే. ఇంగ్లీషువాళ్లు ఈ గీతల్ని బట్టీ పట్టాలి. మనకు ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. నాగరి లిపిలో సంస్కృతానికి లేని ఆ తేడా మన లిపిలో ఉంది. కొత్త మాటను తెలుగు లిపిలో ఒకసారి రాసుకుంటే దాని కొలత చేతికి పడుతుంది. ద్విత్వమూ అంతే. సును అంటే కొడుకు, సున్నె అంటే సూర్యుడు. హొపియన్ అంటే ఆశించు, హొప్పియన్ అంటే గెంతు. జంట హల్లులు రెండింటినీ నిలిపి పలకాలి. ఇప్పటి ఇంగ్లీషులో ద్విత్వం రాతలోనే తప్ప మాట లోపల నోట్లో లేదు. "అల", "అల్ల" తేడా పుట్టుకతో వచ్చినవాళ్లకు ఇది పాఠమే కాదు.

ఇంకొకటి అచ్చుల సామరస్యం. మ్యూస్ అంటే ఎలుకలు, ఏకవచనం మూస్. ఫేత్ అంటే పాదాలు, ఏకవచనం ఫోత్. లోపలి అచ్చు ఎందుకు మారింది? అడుగు అనే క్రియకు ఇకారం చేర్చి చూడండి: అడిగి. తిరుగు, తిరిగి. కలుగు, కలిగి. వెనక వచ్చే ఇకారం ముందున్న ఉకారాన్ని తన వైపు లాక్కుంటోంది. జర్మానిక్‌లోనూ జరిగింది ఇదే, కాకపోతే అక్కడ ఆ లాగుడు ధాతువు అచ్చు దాకా వెళ్లింది. పూర్వరూపం మూసిజ్. చివరి ఇకారం ముందున్న ఊకారాన్ని మార్చి, తర్వాత తాను రాలిపోయింది. లాగినవాడు వెళ్లిపోయాడు, లాగిన గుర్తు మిగిలింది. ఇది పట్టుకున్నవాడు ఒక గోతిలో పడడు: పాత ఇంగ్లీషులో "మెన్" కనిపిస్తే అది "మనుషులు" అనే కాక "మనిషికి" అని కూడా కావచ్చు. చతుర్థీ ఏకవచనంలోనూ ఒకప్పుడు ఆ ఇకారం ఉండేది. ఇంగ్లీషు కన్ను దాన్ని బహువచనం అనే చదువుతుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది చతుర్థి. ఇప్పటి ఇంగ్లీషులో నచ్చడం మనిషి చేసే పని, మనిషి కర్త, వస్తువు కర్మ. పాత ఇంగ్లీషు లీకియన్ క్రియలో వస్తువు ప్రథమలో ఉంటుంది, మనిషి చతుర్థిలో ఉంటాడు. "థ్యాత్ మే లీకథ్": అది నాకు నచ్చుతుంది. "మే థ్యుంక్‌థ్": నాకు తోస్తుంది. తెలుగు ప్రతిపదార్థం పక్కన రాసుకుంటే ఇందులో వివరించాల్సింది ఏమీ మిగలదు. ఇంగ్లీషులో పాఠం చెప్పే పుస్తకాలు దీనికి "వ్యక్తి లేని క్రియలు" అని విడిగా చోటు కేటాయిస్తాయి.

ఇంగ్లీషు పెట్టే గోతులు

ఇంగ్లీషు వస్తే సగం మాటలు ముందే తెలిసినట్టే కదా అంటారు. ఈ వాదంలో బలం ఉంది, కాదనను. హూస్, వ్యాతెర్, లంద్ లాంటి మాటలకు నిఘంటువు అక్కర్లేదు. కానీ పోలిక ఉండి అర్థం జారిపోయిన మాటలే వాక్యాన్ని చెడగొడతాయి. సెల్లన్ అంటే అమ్మడం కాదు, ఇవ్వడం. స్తెఒర్వన్ అంటే పస్తులుండటం కాదు, చనిపోవడం. సోన అంటే కాసేపట్లో కాదు, వెంటనే. విథ్ అంటే చాలాచోట్ల "తో" కాదు, "ఎదురుగా". షెఅల్ భవిష్యత్తు కాదు, మన "-ఆలి". విల్లె కూడా భవిష్యత్తు కాదు, కోరిక. తెలియని మాట కనిపిస్తే మనిషి ఆగి వెతుకుతాడు. తెలిసినట్టున్న మాట దగ్గర ఆగడు.

దేఓర్ అంటే జంతువు. ఇప్పటి ఇంగ్లీషులో లేడి అయింది. ఇది మనకు కొత్త కాదు, మృగం మాట నడిచిన దారి కూడా ఇలాంటిదే. సంస్కృతంలో మృగం అడవి జంతువు, లేడి కూడా. మృగశిర కార్తెలో అది లేడి తల. తెలుగులో ఉత్తి మృగం అంటే క్రూరజంతువు. దేఓర్ పక్కన మృగం అని రాసుకున్నవాడు దాన్ని ఎప్పటికీ లేడి అనుకోడు. వింత్ర అంటే శీతకాలాలు, లెక్కలో మాత్రం ఏళ్లు. "శతం జీవ శరదో" అని ఆశీర్వచనంలో నూరు శరత్తులు విన్న చెవికి, రాజు ముప్పై ఒక్క శీతకాలాలు ఏలాడంటే వింత కాదు. వీఫ్ అంటే స్త్రీ, కానీ వ్యాకరణంలో నపుంసకలింగం. భార్య స్త్రీలింగం, దారాః పుంలింగం బహువచనం, కలత్రం నపుంసకం అని చదువుకున్నవాళ్లు దీని దగ్గర ఆగరు.

హిమ్ అనే మాటతో వచ్చే చిక్కు వీటన్నిటికన్నా పెద్దది. ఇప్పటి ఇంగ్లీషులో అది ఎప్పుడూ "అతన్ని, అతనికి". పాత ఇంగ్లీషులో "అతనికి" కావచ్చు, "వాళ్లకు" కూడా కావచ్చు. ఏ ఏటి సంగతులు ఆ ఏటి కింద రాసిన పాత ఇంగ్లీషు చరిత్ర ఆంగ్లో-సాక్సన్ క్రానికిల్‌లో 755వ సంవత్సరం కింద వెస్ట్ సాక్సన్ల రాజు క్యునెవుల్ఫ్, అతన్ని చంపిన క్యునెహెఅర్ద్‌ల కథ ఉంది. రాజును చంపినవాళ్లు కోట లోపల, రాజు మనుషులు బయట, ఇరువైపులా బంధువులు. రాజ్యం తమ నాయకుడికి ఒప్పగించమని లోపలివాళ్లు డబ్బూ భూమీ ఆశ చూపిస్తే బయటివాళ్లు ఇలా అన్నారట:

హిమ్ న్యానియ్ మ్యాయ్ లేఓవ్ర న్యారె థొన్నె హిఎర హ్లావొర్ద్, ఒంద్ హిఎ న్యావ్రె హిస్ బనన్ ఫొల్గియన్ నొల్దొన్.

ఈ భాగంలో "వాళ్లు, వాళ్లకు, వాళ్ల" అనే సర్వనామాలే గుట్టగా పడి ఉంటాయి. ఎవరు ఎవరితో అంటున్నారో తేల్చుకోలేక పాఠకులు తికమకపడే చోటుగా దీనికి పేరుంది. తెలుగులో రాయండి: "తమకు ఏ బంధువూ తమ ప్రభువు కంటే ప్రియుడు కాడనీ, ఆయన్ని చంపినవాడి వెంట తాము ఎన్నడూ నడవబోమనీ." పరోక్ష కథనంలో మాట్లాడేవాడికి మనకు తాము అనే సర్వనామం వేరుగా ఉంది. తాము రాయాలా, వాళ్లు రాయాలా అని ప్రతిచోటా నిర్ణయించుకుంటూ పోతే ఆ గుట్ట దానంతటదే రెండు కుప్పలుగా విడిపోతుంది. అనువాదం చేయడమే ఇక్కడ వ్యాఖ్యానం చేయడం.

అదే కథ మొదటి వాక్యం ఇంకో రకం పరీక్ష:

హేర్ క్యునెవుల్ఫ్ బెనమ్ సియెబ్ర్యుహ్త్ హిస్ రీచెస్ ఒంద్ వెస్త్‌సెఅక్స్న విఒతన్ ఫొర్ ఉన్‌ర్యుహ్తుమ్ ద్యాదుమ్.

ఇంగ్లీషు వరసలో చదివితే "క్యునెవుల్ఫ్ సియెబ్ర్యుహ్త్ నుంచి రాజ్యాన్నీ, వెస్ట్ సాక్సన్ల సభాసదుల్నీ లాక్కున్నాడు" అని వస్తుంది. విభక్తులు చూడండి. బెనిమన్ క్రియకు మనిషి ద్వితీయలో, పోగొట్టుకున్నది షష్ఠిలో ఉన్నాయి: రీచెస్ షష్ఠి. సభాసదుల్ని కూడా లాక్కున్నట్టయితే అది కూడా షష్ఠిలో, వితెన అని ఉండాలి. విఒతన్ షష్ఠి కాదు. ప్రథమ గానీ ద్వితీయ గానీ కావాలి, ఆ రెంటికీ రూపం ఒకటే. ఇక సందర్భం తేల్చాలి. ఏకవచన క్రియ ముందే వచ్చేసి, కర్తలో మిగిలిన సగం "ఒంద్" పట్టుకుని తర్వాత రావడం ఆ భాషలో మామూలే. అంచేత అర్థం: "ఈ ఏడు క్యునెవుల్ఫూ, వెస్ట్ సాక్సన్ల సభాసదులూ కలిసి సియెబ్ర్యుహ్త్‌ను అన్యాయపు పనులు చేసినందుకు రాజ్యం నుంచి తప్పించారు." సభాసదులు సొత్తు కాదు, రాజును దించినవాళ్లు. రాజ్యాంగ చరిత్ర అంతా ఒక ప్రత్యయం మీద తిరిగింది.

పని ఎలా చేయాలి

వచనంతో మొదలుపెట్టాలి. మిగిలిన పాత ఇంగ్లీషు వాఙ్మయం దాదాపు 30 లక్షల మాటలు, అందులో పద్యం 30,000 పాదాలే. బేవుల్ఫ్ 3,182 పాదాలు. పద్యంలో వచ్చే మాటలు చాలావరకు పద్యానికే పరిమితం, వాటితో మొదలుపెడితే వచనం చదవడానికి పనికిరావు.

ముందు బట్టీ పట్టాల్సింది ఒక్క సర్వనామం: సె, సేఓ, థ్యాత్. సంస్కృతం తెలిస్తే నవ్వు వస్తుంది, ఇది సః, సా, తత్. ప్రథమా ఏకవచనంలో పుంలింగ, స్త్రీలింగాలకు మాత్రం సకారం, మిగతా అన్నిచోట్లా తకారం అనే వింత ఏర్పాటు రెండింట్లోనూ ఒకటే. తం అనే చోట థొనె, తస్య అనే చోట థ్యాస్. పాత ఇంగ్లీషు నామవాచకాల ప్రత్యయాలు చాలా అరిగిపోయాయి. విభక్తిని చెప్పేది ఎక్కువగా ముందున్న ఈ సర్వనామమే. ఇది నోటికి వస్తే సగం వాక్యాలకు అన్వయం దొరుకుతుంది.

పుస్తకంలో ప్రతి వాక్యానికీ నాలుగు వరసలు వదలండి. మొదటి వరసలో మూలం, సమాసాలు విడదీసి. రెండో వరసలో ప్రతి మాట కిందా విభక్తి, వచనం, లింగం: "2, ఏక, పుం" అన్నట్టు. మూడో వరసలో తెలుగు మాట, విభక్తి ప్రత్యయంతో సహా. నాలుగోది తాత్పర్యం. రోజుకు ఆరేడు వాక్యాలు చాలు. రెండో వరస ఎగ్గొట్టి మూడోదానికి దూకేవాళ్లే దారి తప్పుతారు.

చతుర్థి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. సంస్కృతపు ఎనిమిది విభక్తుల్లో తృతీయ, పంచమి, సప్తమి చేసే పనులు చాలావరకు పాత ఇంగ్లీషులో చతుర్థి నెత్తిన పడ్డాయి. కనుక దాని కింద అలవాటుగా "కు" రాయకూడదు. ముందున్న అవ్యయాన్నో, క్రియనో చూసి కు, తో, లో, నుంచి వీటిలో ఏదో తేల్చాలి. "ఇన్ యేఆర్‌దగుమ్" చతుర్థే, తెలుగులో మాత్రం "రోజుల్లో". నపుంసక పదాలకు ప్రథమ, ద్వితీయ ఒకటే రూపం. జడానికి ద్వితీయ బదులు ప్రథమ వాడి "పుస్తకం చదివాడు" అనే మనకు ఇది కొత్త కాదు.

తెలుగు తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి, వాటిని దాచడం సరికాదు. సంభావనార్థక క్రియారూపానికి తెలుగులో సరైన జోడు లేదు. న్యారె లాంటి రూపం కింద "కాదు" అని రాసి ఊరుకుంటే మూలంలోని "అన్నారట" అనే నీడ పోతుంది, దానికి వేరే గుర్తు పెట్టుకోవాలి. "థె"తో వచ్చే ఉపవాక్యాన్ని మనం సహజంగా "వచ్చిన మనిషి" అని ముందుకు లాగుతాం. మూడో వరసలో అలా లాగకండి, "ఎవడైతే వచ్చాడో వాడు" అని మూలం వరసలోనే ఉంచండి. క్రియ స్థానం కూడా అర్థాన్నిస్తుంది. వాక్యం మొదట "థా" ఉండి వెంటనే క్రియ వస్తే "అప్పుడు". క్రియ చివరికి పోతే చాలాసార్లు "ఎప్పుడైతే". తెలుగులో క్రియ ఎప్పుడూ చివరే కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు. కావాలని చూడాలి.

ఇంకో పొరపాటు భాషాశైలిది. రాజులూ యుద్ధాలూ కనపడగానే చేయి ప్రబంధ భాష వైపు పోతుంది. క్రానికిల్ వచనం పొడిగా, పల్లెలో పెద్దాయన సంగతి చెప్పినట్టు ఉంటుంది. రాజును కూడా థూ అనే పిలుస్తారు, గౌరవ బహువచనం ఆ భాషలో లేదు. "తమరు" రాస్తే లేని దర్బారును కట్టినట్టవుతుంది.

నిఘంటువులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి కదా అనేది గట్టి అభ్యంతరం. అవును, బోస్‌వర్త్-టాలర్ నిఘంటువు తెరవక తప్పదు. అది ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. టొరంటోలో 1970లో మొదలైన కొత్త నిఘంటువు ఇంకా చివరి అక్షరం దాకా రాలేదు. చేయాల్సిందల్లా అర్థం దగ్గర ఆగిపోకుండా కింద ఇచ్చిన ఉదాహరణలు చదవడం. బోస్‌వర్త్-టాలర్ చాలా మాటలకు లాటిన్ సమానార్థకం కూడా ఇస్తుంది. ఇంగ్లీషు మాట రెండు అర్థాల మధ్య ఊగితే లాటిన్ తేల్చేస్తుంది. పరిశోధన చేయాలనుకునేవాళ్లకు ఇంగ్లీషు, జర్మన్ రెండూ కావాలి, అందులో మినహాయింపు లేదు. నేను చెప్తున్నది మూలాన్ని విప్పే వరస గురించే.

ఏ వచనం అంటే, చాలామంది ఏల్‌ఫ్రిచ్ అనే క్రైస్తవ సన్యాసి రాసిన సంభాషణలతో మొదలుపెట్టమంటారు. రైతు, గొర్రెల కాపరి, వేటగాడు, చెప్పులు కుట్టేవాడు, వంటవాడు ఒక్కొక్కరు తమ పని చెప్పుకునే ఆ పాఠం ఎంతో ముచ్చటగా ఉంటుంది. నేనూ అదే ఇష్టపడతాను, ఒక్క షరతుతో. అది మొదట లాటిన్ పాఠం, పాత ఇంగ్లీషు దాని మీద మాటకు మాట రాసిన టీక. "హూ బెగ్యాస్త్ థూ వెఒర్క్ థీన్", ఎలా చేస్తావు నువ్వు పని నీ. ఈ చివరి "పని నీ" లాటిన్ వరస, పాత ఇంగ్లీషు వరస కాదు. కొన్ని పాఠ్యపుస్తకాలు దాన్ని సరిదిద్ది అచ్చేస్తాయి. మాటలు నేర్చుకోవడానికి చదవండి, వాక్యం నేర్చుకోవడానికి క్రానికిల్‌కు రండి. కానీ రైతు చెప్పే ఈ ముక్క మాత్రం వదలకండి:

యాల్చె ద్యాయ్ ఇచ్ షెఅల్ ఎరియన్ ఫుల్నె యాకెర్ ఒథ్థె మారె.

రోజూ నేను దున్నాలి నిండు ఎకరం లేదా ఎక్కువ. "ఫుల్నె" చివరి "నె" పుంలింగ ద్వితీయా ఏకవచనం. యాకెర్ అంటే పొలం, సంస్కృతంలో అజ్ర. ఆ యాకెరే ఇంగ్లీషు మీదుగా మన పల్లెలకు ఎకరంగా వచ్చింది. ఇలాంటి మాట కింద తెలుగు రాయడానికి ఆలోచించనక్కర్లేదు.

రాతప్రతి ఒక పేజీ అయినా

క్రానికిల్ పార్కర్ ప్రతి కేంబ్రిడ్జ్ కార్పస్ క్రిస్టీ కళాశాలలో ఉంది, బొమ్మలు ఇంటర్నెట్లో ఉచితంగా చూడొచ్చు. 755 కథ చదవడం అయ్యాక ఆ పేజీ తెరవండి. విరామచిహ్నాలు దాదాపు ఉండవు, ఇప్పటి డబ్ల్యూ బదులు విన్ అనే అక్షరం ఉంటుంది, అది థార్న్‌లా కనిపించి మోసం చేస్తుంది. మనం ఇందాక తేల్చుకున్న సభాసదుల సంగతికి అక్కడ కామాలు సాయం రావు.

బేవుల్ఫ్ ప్రతిలోనూ పాదాల విభజన లేదు, వచనంలా ఏకధాటిగా రాసి ఉంటుంది. 1731 అక్టోబరు 23న, అప్పట్లో ఆ ప్రతి ఉన్న లండన్ ఆష్‌బర్నమ్ హౌస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు మాడాయి, ఆ తర్వాత అంచుల్లో అక్షరాలు రాలిపోతూ వచ్చాయి. 1787 ప్రాంతంలో ఐస్‌లాండ్‌కు చెందిన థోర్కెలిన్ తయారుచేసుకున్న రెండు నకళ్లలో, ఇప్పుడు రాతప్రతి తోలుపుటల మీద లేని అక్షరాలు ఎన్నో బతికున్నాయి. అదే థోర్కెలిన్ 1815లో కావ్యాన్ని లాటిన్ అనువాదంతో అచ్చేస్తూ అది డేనిష్ కావ్యమని పేరులోనే ప్రకటించాడు. అక్షరాల్ని కళ్లకద్దుకుని కాపాడినవాడే అర్థాన్ని తనకు కావలసిన వైపు తిప్పుకున్నాడు.

గోతిక్, పాత నార్స్ అనే మిగతా పాత జర్మానిక్ భాషలు ఎప్పుడు అంటే, సంస్కృతం బాగా వచ్చినవాళ్లు ఆరు నెలల తర్వాత గోతిక్‌కు వెళ్లొచ్చు. నాలుగో శతాబ్దపు బైబిల్ అనువాదం కావడంతో రూపాలు ఇంకా అరగలేదు: స, సో, థత. కథలు కావాలనుకునేవాళ్లు నార్స్‌కు వెళ్లండి. రెండింటికీ పద్ధతి ఇదే.

ఇక పైన "హ్వ్యాత్" కింద ఏమీ రాయకుండా వదిలేశాను. చాలాకాలం దాన్ని "వినండి!" అన్నట్టు వేరే కేకగా తీసుకుని, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి అచ్చేశారు. ఆ గుర్తు రాతప్రతిలో లేదు. 2013లో జార్జ్ వాక్డెన్ అనే భాషాశాస్త్రజ్ఞుడు, హ్వ్యాత్‌తో మొదలయ్యే వాక్యాల్లో క్రియ స్థానం పరిశీలించి, అది వేరే కేక కాదనీ వాక్యం మొత్తాన్ని ఆశ్చర్యార్థకం చేసే మాటనీ వాదించాడు. ఆ వాదం ఒప్పుకుంటే మూడో వరసలో "వినండి" కుదరదు, "ఎంతగా" రావాలి: ఎంతగా విన్నాం మనం, ఈటెల డేన్‌ల, జనరాజుల ప్రాభవం! ఒప్పుకోకపోతే "వినండి" ఉంటుంది. నేను ప్రస్తుతం "ఎంతగా" వైపు మొగ్గుతున్నాను, కానీ ఆ గడిలో ఇంకా పెన్సిలుతోనే రాస్తున్నాను.